ముప్ఫై రోజుల పరీక్ష

ఫిబ్రవరి 4, మంగళవారం

నిన్న ఉదయం పదకొండుంబావుకి ప్రోటాన్ల బీమ్ వచ్చింది.

ఆరేళ్ళ పని. చూడడానికి ఏముంది, ఒక గ్రాఫైట్ దిమ్మ, నా మోచేయంత పొడవు. దానికి అటూ ఇటూ రాగి పలకలు, పలకల లోపలి కాలువల్లో నీళ్ళు. రెండు సెకన్లకొకసారి ప్రోటాన్లు వచ్చి దిమ్మను గుద్దుతాయి. అందులోంచి పుట్టుకొచ్చే కణాలు అవతలి హాల్లో కూర్చున్నవాళ్ళకి. మిగిలిన వేడి నాకు. పంపకాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

మొదటి రోజు 414 డిగ్రీలు. బీమ్ బదులు హీటరుతో చేసిన పరీక్షలో రోజూ 412. ముప్ఫై రోజుల పరీక్షలో మేకు కొట్టినట్టు అక్కడే నిలబడింది. ఒక్క డిగ్రీ అటూ ఇటూ కదలలేదు. పోటీలో ఉన్న అవతలి గ్రూపు డిజైన్‌ను, గ్రాఫులో ఆ తిన్నని గీత చూపించే పక్కన పెట్టించాను. వాళ్ళు ఇప్పటికీ నాతో కలిసి కాఫీ తాగరు.

గడ్డం ప్రొఫెసర్ ఉపన్యాసం ఇచ్చాడు. ప్రయోగానికి పెద్ద ఆయనే కాబట్టి ఇవ్వాలి. పంపులవాళ్ళకు, క్రేన్‌వాళ్ళకు, క్యాంటీన్‌వాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, చివర్లో "కూలింగ్ టీమ్‌కి కూడా" అన్నాడు. ఆ టీమ్‌లో ఇంజనీర్ని నేనొక్కదాన్నే. ఫిట్టర్ని కలుపుకుంటే ఇద్దరం. ఆ ఫిట్టర్ మా బావ.

అక్క ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా వేసుకుని బావ కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. ఫిట్టర్లను అక్కడికి ఎవరూ పిలవరు. తలుపు దగ్గరే నిలబడి, అందరికీ వినపడేలా, "మేడమ్‌గారూ, మన దిమ్మ కులాసాయేనాండీ?" అన్నాడు. ఇంట్లో అయితే నలభై ఆరేళ్ళ నన్ను పట్టుకుని మరదలు పిల్లా అంటాడు. పనిలో మాత్రం మేడమ్‌గారు, మీరు, చిత్తం. అంతా వేళాకోళమే. నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నిజంగా నవ్వాను.

జూన్ నెలాఖరుకి రిటైరవుతాడు. ఆ తర్వాత రెండేళ్ళు శిక్షణ వర్క్‌షాప్‌లో కొత్త ఫిట్టర్లకు పని నేర్పడానికి తీసుకుంటామని మాటిచ్చారు. ఇప్పటి నుంచే విరిగిన బోల్టులు, చీలిన పైపులు, అరిగిన వాషర్లు ఒక పెద్ద చెక్కకు వరసగా బిగించి పెట్టుకున్నాడు, వాళ్ళకు చూపించడానికి. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఇంత సంబరం ఆయనలో ఎప్పుడూ చూడలేదని అక్క అంటుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

421. సెన్సర్ కొత్తది. కుదురుకోవడానికి టైం పడుతుంది.

ఫిబ్రవరి 8, శనివారం

425.

ఫిబ్రవరి 12, బుధవారం

439.

పంపుల గదికి వెళ్ళి గంటన్నర కూర్చున్నాను. నిమిషానికి ఎన్ని లీటర్లు పోవాలో అన్నీ పోతున్నాయి. లోపలికి వెళ్ళే నీళ్ళు ఎంత చల్లగా ఉండాలో అంత చల్లగా ఉన్నాయి. అయినా రెండోసారి చూడమన్నాను. మూడోసారి కూడా చూడమన్నాను. ఆపరేటర్ చేతులు తుడుచుకుంటూ, "నీళ్ళలో ఏం లేదండీ. మీ దగ్గరికొచ్చాకే ఏదో అవుతోంది" అన్నాడు. వాడి మీద ఒంటికాలి మీద లేచాను. పంపుల గది ఎంత మురికిగా ఉందో, లెక్కల పుస్తకం ఎంత అధ్వాన్నంగా రాస్తున్నాడో అన్నీ ఏకరువు పెట్టాను. వాడి పుస్తకం శుభ్రంగానే ఉంది.

నీళ్ళు బాగున్నాయి, దిమ్మ వేడెక్కుతోంది అంటే వేడి దిమ్మలోంచి రాగిలోకి దిగడం లేదన్నమాట. రెంటికీ మధ్య కాగితంలాంటి మెత్తని షీటు ఉంది. అతికిస్తే గ్రాఫైట్ పగులుతుంది, వేడికి అది ఒక లెక్కన పెరుగుతుంది, రాగి ఇంకో లెక్కన పెరుగుతుంది. అందుకే షీటు పెట్టి, ఇరవై నాలుగు బోల్టులతో నొక్కి పట్టాం. ఆ నొక్కుడు ఉన్నంతసేపే వేడి దిగుతుంది. అది నేను కనిపెట్టిన ఉపాయం. అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ బోల్టులు మూసేసిన తొట్టిలో, రెండు మీటర్ల కాంక్రీటు వెనకాల ఉన్నాయి. బీమ్ తగిలాక, రేడియేషన్ వల్ల, అక్కడికి మనిషి చెయ్యి వెళ్ళదు. ఏళ్ళ తరబడి వెళ్ళదు.

సాయంత్రం గడ్డం పిలిచాడు. "రోజుకి మూడు డిగ్రీలు. ఏమిటిది?" అన్నాడు. సెన్సర్ జారుడు, అంటే సెన్సరే రోజురోజుకీ తప్పు చూపిస్తోందన్నాను. 600 దాకా జాగా ఉంది, కంగారు పడక్కర్లేదన్నాను. 600 దాటితే దిమ్మ పగలొచ్చని రిపోర్టులో రాసింది నేనే. ఆయన తలూపాడు. నేను చెబితే నమ్ముతారు. ముప్ఫై రోజుల పరీక్ష ఉంది కదా.

ఫిబ్రవరి 15, శనివారం

వంటింటి కుళాయి కారుతోందని అక్కతో అన్నాను. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకి బావ పానా పట్టుకుని వచ్చాడు. వస్తూనే, "ఇంజనీరమ్మ ఇంట్లో కుళాయి కారడం, ఎవరికైనా చెబితే నవ్వుతారు" అన్నాడు. సింకు కింద దూరి పని మొదలుపెట్టాడు. కాసేపయ్యాక అక్కడి నుంచే అడిగాడు.

"ఎంతుందే?"

"ఏంటి?"

"దిమ్మ."

"నాలుగొందల యాభై."

పానా చప్పుడు ఆగిపోయింది. బయటికి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"లోపల బోల్టులు ఎవరు చూస్తున్నారు?"

"ఎవరు చూస్తారు బావా? అక్కడికి చెయ్యి వెళ్ళదుగా."

"అదే అంటున్నా. టెస్టులో రోజూ పొద్దున్నే నేను పలకరించేవాణ్ణి కదా. సాయంత్రం హీటరు కట్టేస్తాం, చల్లారుతుంది, ఆ షీటు వెంట్రుకవాసి కుంగుతుంది. పొద్దున్నే ఒక్కోదాన్నీ కాస్తంత తిప్పేవాణ్ణి. ఇప్పుడు బీమ్ ఆగినప్పుడల్లా చల్లారుతుందాయె. దాన్నెవరు పలకరిస్తారు?"

బోల్టును మళ్ళీ బిగించడాన్ని ఆయన పలకరించడం అంటాడు. నేను గిన్నెలు తుడుస్తున్నాను.

"రోజూ బిగించావా బావా?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి కుళాయి ఒకసారి తిప్పి, కారడం లేదని చూపించి, పానా తుడుచుకుని కిందికి వెళ్ళిపోయాడు. పెట్టిన టీ తాగలేదు.

బావ రోజూ బోల్టులు బిగించాడన్న సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ కాదు, నిన్న. నిన్ననే తెలిసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

465.

పొద్దున్నంతా లెక్కలు వేశాను. బీమ్‌ను మూడో వంతుకి తగ్గిస్తే, బోల్టులు ఎంత వదులైనా దిమ్మ బతుకుతుంది. ఏడాదిలో అయ్యే ప్రయోగం మూడేళ్ళు పడుతుంది, అంతే. గడ్డం దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. చెబితే పరీక్ష పరీక్షే కాదని తేలుతుంది. అవతలి గ్రూపువాళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటారా?

నా సంగతి వదిలేద్దాం. బావ ఏమవుతాడు? లాగ్‌బుక్‌లో రాయకుండా పరీక్షలో ఉన్న వస్తువును ముట్టుకున్నాడు. దాన్ని ఎవరూ క్షమించరు. శిక్షణ వర్క్‌షాప్ గల్లంతు. ఇంకో నాలుగు నెలలు గడిస్తే చాలు, ఆయన గౌరవంగా అటు వెళ్ళిపోతాడు. కాబట్టి నేను నోరు మెదపకుండా ఉండడం ఆయన కోసమే.

ఇలా రాసుకుంటే బాగుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయన కోసమే.

ఫిబ్రవరి 25, మంగళవారం

505. మెట్ల మీద బావ ఎదురయ్యాడు. కూరగాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "చెప్పావా?" అన్నాడు.

"చెబుతా బావా. టైం చూసుకుని చెబుతా."

"దానికి టైం లేదే."

మరదలు పిల్లా అని అనలేదు.

మార్చి 1, శనివారం

536. గడ్డం ఈసారి తనే వచ్చాడు. సెన్సర్ జారుడు ఇంత ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మార్చి 5, బుధవారం

మధ్యాహ్నం మూడూ నలభైకి పగిలింది.

చప్పుడేమీ రాలేదు, రెండు మీటర్ల కాంక్రీటు అవతల కదా. తెర మీద 571 ఉన్న అంకె 690 అయింది, ఆ తర్వాత అంకె కనపడడమే మానేసింది. అవతలి హాల్లో కణాల లెక్క సగానికి పడిపోయింది. ఎవరో బీమ్ ఆపారు. ఎవరో నా కుర్చీ వెనక నిలబడి "ఏమైంది, ఏమైంది" అంటూనే ఉన్నారు. ఆ గొంతు నాదేనేమో.

గడ్డం అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గోడకు ఆనుకుని నిలబడి, "రెండోది ఎన్నాళ్ళకి?" అన్నాడు. పద్నాలుగు నెలలు అన్నాను. ఆయన తన దగ్గర పరిశోధన చేసే ముగ్గురి వైపు చూశాడు. వాళ్ళలో ఒకమ్మాయికి స్కాలర్‌షిప్ ఏడు నెలల్లో అయిపోతుంది. ఆ అమ్మాయి తన కంప్యూటర్ నెమ్మదిగా మూసి సంచీలో పెట్టుకుంది.

మార్చి 6, గురువారం

600 అని రాశాను. 571కే పగిలింది. అదీ తప్పే.

మార్చి 11, మంగళవారం

విచారణ కమిటీ. ముగ్గురు. ఇద్దరు మాట్లాడరు, కాఫీ తాగుతారు. మూడో ఆవిడ బయటి నుంచి వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, గొంతు ఎప్పుడూ పెద్దది చెయ్యదు. ఇలాంటివాళ్ళంటేనే నాకు భయం.

నా కాగితాల కట్టలన్నీ పట్టుకెళ్ళాను. ముప్ఫై రోజుల గీత తెర మీద వేశాను. తిన్నగా, అందంగా ఉంది. కళ్ళజోడావిడ దాన్ని కాసేపు మెచ్చుకోలుగా చూసి, "ఇంత తిన్నగా ఎలా ఉంది?" అంది. డిజైన్ బాగుంటే అలాగే ఉంటుందన్నాను. ఆవిడ నవ్వలేదు. రెండు ఫొటోలు బల్ల మీద పెట్టింది. పరీక్ష మొదటి రోజుది ఒకటి, ముప్ఫయ్యో రోజుది ఒకటి. నా రిపోర్టులోవే.

బోల్టు బిగించాక దాని తల మీంచి పలక మీదికి పసుపు రంగుతో ఒక గీత గీస్తారు. బోల్టు కదిలితే గీత తెగుతుంది. ఆ గీతలు గీసింది బావే. మొదటి ఫొటోలో ఇరవై నాలుగూ తిన్నగా ఉన్నాయి. రెండో ఫొటోలో ఇరవై నాలుగూ తెగి ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకి.

"వదులైతే ఇటు తిరగాలి కదా" అంది ఆవిడ, వేలితో చూపిస్తూ. "ఇవి బిగించే వైపు తిరిగాయి. ఎవరు తిప్పారు?"

ఆ ఫొటోలు నేను వందసార్లు చూశాను. ఆ రిపోర్టును పదకొండు మంది చదివి సంతకాలు పెట్టారు. ఒక్కరి కంటికీ కనపడలేదు.

"ఫిట్టర్ని అడగాలి" అన్నాను.

"మీకు తెలీదా?"

"తెలీదు."

అబద్ధం కాదు. పరీక్ష జరిగే రోజుల్లో తెలీదు అని నా ఉద్దేశం.

మార్చి 12, బుధవారం

అక్క పైకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆయన్ని శుక్రవారం రమ్మన్నారట. ఏమడుగుతారే?" అంది.

"ఏం లేదక్కా. జరిగింది జరిగినట్టు చెప్పమను."

"ఆయన నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినడంలా. ఏమైందంటే నీ చెల్లెల్ని అడుగు అంటాడు. నిన్నడుగుతున్నా. ఏమైంది?"

"బోల్టులు బిగించి, రాయడం మర్చిపోయాడు. అంతే."

"మర్చిపోయాడా?" అంది అక్క. "మా ఇంట్లో గ్యాసు ఏ రోజు మార్చాడో కూడా గోడ మీద రాసే మనిషి."

మార్చి 14, శుక్రవారం

బావను బల్లకు అటు వైపు కూర్చోబెట్టారు. నేను ఇటు. మధ్యలో నీళ్ళ జగ్గు. కళ్ళజోడావిడ మర్యాదగానే మాట్లాడింది.

"పరీక్షలో బోల్టులు మీరు తిప్పారా?"

"అవునండి. రోజూ పొద్దున్నే."

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముందండి? వేడెక్కి చల్లారిన జాయింటుని ఒకసారి పలకరించాలి. మా మేస్త్రి నాకలా నేర్పాడు. పని తెలిసినవాడెవడైనా అదే చేస్తాడు."

"లాగ్‌బుక్‌లో ఎందుకు రాయలేదు?"

ఆయన జగ్గు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే ఏమయ్యేదో తెలీదు.

"రాయాలని తోచలేదండి."

"మీ ఇంజనీర్‌కి చెప్పారా?"

కాఫీ తాగే ఇద్దరిలో ఒకాయన కప్పు కింద పెట్టాడు. నేను నోరు తెరిచాను. తెరిచిన నోటితో ఏదో ఒకటి చెయ్యాలి కనక మంచినీళ్ళు తాగాను.

"లేదండి" అన్నాడు బావ. "ఆవిడకి తెలీదు."

ఆవిడ అన్నాడు నన్ను. వేళాకోళానికి కాదు.

కాగితం ఇస్తే చదువుకుని సంతకం పెట్టాడు. నిదానంగా, అక్షరం అక్షరం. మీరు వెళ్ళొచ్చు అన్నారు. కుర్చీని లోపలికి తోసి, నమస్కారం పెట్టి వెళ్ళాడు.

మార్చి 15, శనివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా నాటకాలాడుతున్నాను. ఇంత చదువుకుని ఇదీ నా బతుకు. రాస్తాను.

పరీక్ష తొమ్మిదో రోజు. ఎనిమిది కాకముందే ల్యాబ్‌కి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. బావ బిగింపు కొలిచే టార్క్ రెంచి పట్టుకుని పక్కకు ఒరిగి, పలకల మధ్యకి తల దూర్చి ఉన్నాడు. రెంచి క్లిక్‌మంది. మళ్ళీ క్లిక్‌మంది.

"ఏంటి బావా?"

"పలకరిస్తున్నా. రోజూ కొంచెం వదులవుతున్నాయే. రేపట్నించి లాగ్‌బుక్‌లో రాయమంటావా? ఎన్ని తిప్పానో అన్నీ గుర్తున్నాయి, పాతవి కూడా రాసేస్తా."

రోజూ అంటే ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. ఆరేళ్ళుగా ఆ జాయింటు తప్ప ఇంకోటి ఆలోచించనిదాన్ని, అర్థం కాకేం? చెయ్యి పెడితేనే నిలబడుతోంది, తీస్తే నిలబడదు. ఆ క్షణంలోనే తెలుసు.

"రాస్తే లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది బావా" అన్నాను. అది రూలు. పరీక్ష మధ్యలో ముట్టుకుంటే మొదటికి రావాలి. మొదటికి వస్తే దిమ్మను బీమ్ దారిలో అమర్చే గడువు దాటిపోతుంది. దాటితే అవతలి గ్రూపుది పెడతారు.

ఆయన తల బయటికి తీసి నన్ను చూశాడు. "అయితే బిగించడం మానెయ్యనా?"

బల్ల మీది లైటు ఆయనకు అడ్డంగా ఉంది. దాన్ని పట్టుకుని, అవతలి వరస బోల్టులు కనపడేలా పక్కకి జరిపాను.

అవునని అనలేదు. కాదని అనలేదు. లైటు జరిపానంతే. ఆయనకు అది చాలు. ముప్ఫై ఆరేళ్ళుగా ఇంజనీర్ల సైగలు చూసి పని చేస్తున్న మనిషి.

ఆ మర్నాటి నుంచి తొమ్మిదిన్నర దాటితే గానీ ల్యాబ్‌లో అడుగు పెట్టలేదు. ఇరవై ఒక్క రోజులు. నా సర్వీసులో ఆలస్యంగా వెళ్ళింది ఆ రోజులే.

సోమవారం కళ్ళజోడావిడ దగ్గరికి వెళ్తాను.

మార్చి 17, సోమవారం

ఆవిడ వేరే మీటింగ్‌లో ఉందట.

మార్చి 18, మంగళవారం

వెళ్ళలేదు.

మార్చి 27, గురువారం

రిపోర్టు వచ్చింది. నలభై రెండు పేజీలు. కారణం: సాంకేతిక సిబ్బంది ఒకరు, ఎవరికీ తెలియజేయకుండా, నమోదు చేయకుండా, పరీక్షలో ఉన్న అమరికలో పలుమార్లు జోక్యం చేసుకోవడం. జోక్యమట. పలకరించడాన్ని ఇంగితం ఉన్నవాడెవడూ జోక్యం అనడు.

నా గురించి ఒక పేరా. సెన్సర్ జారుడు అనుకోవడం పొరపాటే కానీ, చేతిలో ఉన్న పరీక్ష ఫలితాలను బట్టి చూస్తే సహజమైన పొరపాటేనట. చదివాను. రెండోసారి చదివాను. నా పేరా మాత్రం మూడోసారి కూడా చదివాను.

శిక్షణ వర్క్‌షాప్ ఉత్తర్వు రద్దు. నమోదు చేయడం తెలియని మనిషి కొత్తవాళ్ళకు ఏం నేర్పుతాడని కింద ఎవరో చేత్తో రాశారు. రిటైరయ్యేదాకా బావకు స్టోర్స్‌లో పని. పానాలు, రెంచీలు అప్పగించి రసీదు తీసుకున్నాడట. స్టోర్స్‌లో ఆయన పని వాషర్లు సైజుల వారీగా వేరు చెయ్యడం.

ఏప్రిల్ 8, మంగళవారం

లిఫ్టు బాగానే ఉంది. ఇన్నేళ్ళూ ఒంటికి మంచిదని మెట్లెక్కేదాన్ని. ఇప్పుడు మొదటి అంతస్తులో ఆగకుండా పోతుందని లిఫ్టే ఎక్కుతున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

అక్క ఫోన్ చెయ్యడం మానేసింది. నేనూ చెయ్యలేదు. బిజీ. రెండో దిమ్మ డిజైన్. ఈసారి బోల్టుల కింద గట్టి స్ప్రింగులు పెడుతున్నాను. షీటు కుంగితే స్ప్రింగే నొక్కుతుంది, ఏ చెయ్యీ అక్కర్లేదు. చాలా సులువైన ఉపాయం. మొదటి రోజే తట్టాల్సింది. బావ పరీక్షలో చేసిన పని కాగితం మీద గీసుకుంటే తట్టింది. ప్రతి స్ప్రింగూ ఎంత తొయ్యాలో తెలియాలంటే రోజుకి ఎంత వదులయ్యేదో తెలియాలి. ఆ అంకె ఆయన చేతికి తప్ప ఎవరికీ తెలీదు.

మొన్న గురువారం స్టోర్స్‌కి ఫోన్ చేశాను. బావే తీశాడు, ఎవరు అన్నాడు. చెప్పాను. రోజుకి ఎంత తిప్పేవాడో అడిగాను.

"మొదటి వారం ఎనిమిదో వంతు చుట్టు. తర్వాత అందులో సగం. చివరి వరస బోల్టులకు కాస్త ఎక్కువ, అటు వేడెక్కువ కదా. రాసుకుంటున్నారాండీ?" అన్నాడు.

రాసుకున్నాను.

మే 20, మంగళవారం

రెండో దిమ్మ మంజూరైంది. గడ్డం ఈసారి కూలింగ్ టీమ్ అనలేదు, నా పేరు పెట్టి చెప్పాడు. అవతలి గ్రూపువాడు ఒకడు వచ్చి చెయ్యి కలిపాడు కూడా. స్ప్రింగుల ఆలోచన భలే ఉందన్నాడు. థాంక్స్ అన్నాను.

జూన్ 29, ఆదివారం

రేపు బావ ఆఖరి రోజు. ఇవాళ ఉదయం పదింటికి మెట్లు దిగి వెళ్ళాను. అక్క తలుపు తీసింది. రమ్మనలేదు, తలుపు మాత్రం వెయ్యలేదు. బావ కిటికీ దగ్గర కూర్చుని బూట్లకు పాలిష్ వేస్తున్నాడు. ముందు గదిలో ఆ బోల్టుల చెక్క లేదు. ఎక్కడ పెట్టారని అడగడానికి నోరు రాలేదు.

దారంతా వల్లించుకున్నదే చెప్పేశాను. "బావా, రేపు వెళ్ళి డైరెక్టర్‌కి అంతా చెబుతాను. నాకు తెలుసని, నేనే రాయొద్దన్నానని. రాతపూర్వకంగా ఇస్తాను."

అక్క ఒంటి మీద పైట సర్దుకుంది. "రెండోది మంజూరైందటగా?" అంది.

"అయింది."

"అయ్యాక వచ్చావన్నమాట."

బావ బ్రష్ పక్కన పెట్టాడు. కోపంగా లేడు. ఉంటే బాగుండు అనుకున్నాను.

"వద్దు. నువ్విప్పుడేం చెప్పకు" అన్నాడు.

"ఎందుకు బావా? నీ తప్పు లేదని అందరికీ తెలియాలి కదా?"

"వాళ్ళు నన్నడిగారు. చెప్పారా అన్నారు. లేదన్నాను. సంతకం పెట్టాను. ఇప్పుడు నువ్వెళ్ళి చెప్పావనుకో, నేను కమిటీ ముందు అబద్ధమాడినవాణ్ణవుతాను. చేయకూడని పని చేశాడంటున్నారు, పడతా. ఆ మాట నిజంగా నా మనసుకి తగలదు, నేను చేసింది మంచి పనే కాబట్టి. అబద్ధాలకోరు అంటే తగులుతుంది. ఎందుకంటే అది నిజం." పాలిష్ డబ్బా మూత పెట్టి, "ఆ రోజు నీళ్ళ గ్లాసు తీసుకున్నావే, అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు దారి లేదు. రెండు వైపులా నేనే మూసేశాను" అన్నాడు.

"మరి అప్పుడు నువ్వెందుకు లేదన్నావు?"

"నువ్వే చెబుతావేమోనని ఒక్క క్షణం చూశా."

ఆ తర్వాత బూటు తీసుకుని మడమ దగ్గర రుద్దడం మొదలుపెట్టాడు. నేను నిలబడే ఉన్నాను. అక్క వెళ్ళి పొయ్యి మీద ఏదో దించింది. ఇంకా నిలబడితే బాగుండదని వచ్చేశాను.

మెట్లెక్కుతుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్ళు తేలికైంది. ఇక చెప్పక్కర్లేదు. వద్దన్నది ఆయనే. నా అంత నీచురాలు ఉండదని రాసుకోవాలి ఇక్కడ, రాస్తున్నాను కూడా. కానీ మధ్యాహ్నం భోజనం మాత్రం చాలా రోజుల తర్వాత రుచిగా అనిపించింది.

జూలై 1, మంగళవారం

క్యాంటీన్‌లో కొత్తగా చేరిన ఇంజనీర్ ఒకతను నా ఎదురుగా కూర్చున్నాడు. మొదటి దిమ్మ సంగతి అడిగాడు. "నిన్న రిటైరైన ఫిట్టర్ మీకు బంధువటగా?" అన్నాడు.

"మా బావ" అన్నాను. "మనిషి మంచివాడే, పాపం. ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

ఆ మాట అనమని నన్నెవరూ అడగలేదు.